ఆరోహణ ప్రవచనాలు: హీబ్రూ గ్రంథాలు, క్రైస్తవ వ్యాఖ్యానం, ఆదోని ప్రాంత పాఠకుడు

ఈస్టరును కూడా కలుపుకొని లెక్కిస్తే నలభయ్యో రోజు ఎప్పుడూ గురువారమే అవుతుంది. ఆ రోజు యేసు పరలోకానికి ఆరోహణమయ్యాడని క్రైస్తవుల విశ్వాసం. ఆరాధనలో అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంతోపాటు 24, 47 కీర్తనలు చదవడం పాత ఆచారం. ఆ కీర్తనలు యేసుకు కొన్ని శతాబ్దాల ముందువి. మరి అవి ఆయన గురించి ఎలా చెప్పగలవు? ఆరోహణం జరిగిందా లేదా అన్నది విశ్వాసానికి చెందిన విషయం. ఏ వాక్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఆ విధంగా చదివారన్నది మాత్రం చరిత్ర విద్యార్థి తేల్చుకోవలసిన ప్రశ్న.

ముందుగా 110వ కీర్తన చూద్దాం. దేవుడు ఒక ప్రభువును తన కుడిపార్శ్వమున కూర్చోమని పిలుస్తాడు. యెరూషలేము రాజు సింహాసనం ఎక్కే సందర్భంలో దీన్ని పాడి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. పెంతెకొస్తు ప్రసంగంలో పేతురు చేసిన వాదం వేరు. దావీదు పరలోకానికి ఎక్కిపోలేదు, కనుక ఈ మాట దావీదు గురించి కాదు, మెస్సీయ గురించి అంటాడు. కొత్త నిబంధనలో అత్యధికంగా ప్రస్తావనకు వచ్చిన పాత నిబంధన వాక్యం ఇదే. యూదు వ్యాఖ్యాత రాషీ (11వ శతాబ్దం) మాత్రం దీన్ని అబ్రాహాముకు అన్వయించాడు.

దానియేలు 7వ అధ్యాయంలో మనుష్యకుమారుని పోలిన ఒకడు మేఘాలతో వచ్చి మహావృద్ధుని సన్నిధికి చేరతాడు. ఇది అరామిక్ భాషలో ఉన్న భాగం. నాలుగవ ఆంటియోకస్ హింసాకాలంలో, సుమారు క్రీ.పూ. 165 ప్రాంతంలో, రాసిందని ఎక్కువమంది పరిశోధకుల నిర్ణయం. అధ్యాయం చివరికి వచ్చేసరికి రాజ్యం పరిశుద్ధుల సమూహానికి దక్కుతుంది. అతడు వెళ్ళేది సింహాసనం వైపు కాబట్టి, క్రైస్తవులలో కొందరు దీన్ని ఆరోహణంగానూ కొందరు రెండవ రాకడగానూ చదివారు.

అసలు చిక్కు 68వ కీర్తన 18వ వచనంలో ఉంది. హీబ్రూ పాఠంలో దేవుడు ఎత్తయిన స్థలానికి ఎక్కి, మనుషుల నుంచి కానుకలు పుచ్చుకుంటాడు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో అదే వాక్యం క్రీస్తుకు అన్వయమవుతుంది. కానీ అక్కడ పుచ్చుకోవడం పోయి ఇవ్వడం వచ్చింది. పత్రికాకర్త మాట మార్చాడని విమర్శించడం తేలికే. అయితే యూదుల అరామిక్ అనువాదమైన తర్గూములో కూడా ఈ వచనానికి ఇవ్వడమనే అర్థమే కనిపిస్తుంది. అక్కడ పైకెక్కినవాడు మోషే, మనుషులకు ఇచ్చింది ధర్మశాస్త్రం. ఇప్పుడు మనకున్న కీర్తనల తర్గూము తర్వాతి కాలానిదే అయినా, ఆ సంప్రదాయం అంతకంటే పాతదై ఉండవచ్చు. అంటే పత్రికాకర్త కొత్తగా కల్పించలేదు, మోషే స్థానంలో క్రీస్తును నిలిపాడు అనుకోవడానికి ఆస్కారం ఉంది. ఈ వివరణే నాకు ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది.

24వ కీర్తనపై వివాదం రెండవ శతాబ్దంలోనే మొదలైంది. గుమ్మాలు తలలెత్తాలన్న ఆ పిలుపు పరలోక ద్వారాలను ఉద్దేశించినదని జస్టిన్ తన 'ట్రైఫోతో సంభాషణ'లో వాదించాడు. అది సొలొమోను గురించి కాదని ప్రత్యేకంగా ఖండించాడు కూడా. సొలొమోను మందసాన్ని ఆలయంలోకి తెచ్చినప్పుడు తలుపులు తెరుచుకోక ఈ మాటలు పలికాడని తల్ముదులో ఒక కథ ఉంది.

ఇక్కడ క్రమం గమనించండి. శిష్యులు ముందుగా ప్రవచనాలు పట్టుకొని సంఘటన కోసం ఎదురుచూసినట్లు కనిపించదు. తమకు కలిగిన అనుభవం తర్వాత దాని అర్థం కోసం గ్రంథాలు తిరగేశారు. ఇది క్రైస్తవులకే ప్రత్యేకమైన పద్ధతి కాదు. 1947 నుంచి కుమ్రాన్ గుహల్లో బయటపడిన చుట్టల్లో హబక్కూకు వ్యాఖ్యానం ఒకటి. అందులో కూడా ఒక యూదు సమాజం పాత ప్రవక్త మాటలను తన కాలపు సంఘటనలకే అన్వయించుకుంది.

ఈ గ్రంథాలు మన పశ్చిమ కర్నూలుకు రెండు భాషల్లో చేరువయ్యాయి. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న దత్త మండలాల్లో ఆదోని ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు అది బళ్ళారి జిల్లాలోనే ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరాడు. ఆయన శ్రమతో కన్నడ బైబిలు 1831లో పూర్తయింది. తెలుగు అనువాదానికి విశాఖపట్నంలో డెగ్రాంజెస్, ఆనందరాయర్‌లు కృషి చేశారు. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు ఉన్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

అనువాదకులు ఎంచుకున్న 'ఆరోహణము' అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. తిక్కన తెలిగించిన భారతంలో చివరిది స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు ప్రయాణం తెలిసిన శ్రోతకు ఏలీయా అగ్నిరథ వృత్తాంతం వెంటనే పట్టుబడుతుంది. కానీ 110వ కీర్తన చెప్పేది పుణ్యఫలం గురించి కాదు, పట్టాభిషేకం గురించి. పదం ఒకటే కావడంతో ఈ తేడా మరుగున పడే ప్రమాదం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తెలుగు బైబిలులో కీర్తనలు 68:18, ఎఫెసీయులకు 4:8 వచనాలను పక్కపక్కన పెట్టి చదవండి. క్రియాపదంలోని మార్పును గుర్తించి, దానికి ఈ పాఠంలో ఇచ్చిన వివరణతో మీరు ఏకీభవిస్తారో లేదో పది పంక్తుల్లో రాయండి.