సర్పగంధ వేరు: పరీక్షలో బెరడే లెక్క

పాతపట్నం చుట్టుపక్కల జీడి, మామిడి తోటల్లో అంతరపంటగా సర్పగంధ వేయవచ్చా అని కొందరు అడుగుతున్నారు. కొద్దిపాటి నీడను ఈ పంట తట్టుకుంటుంది. అయితే నాటే ముందు ఒక సంగతి తెలుసుకోండి.

రక్తపోటు తగ్గించే రిసర్పిన్‌ను 1952లో ఈ వేరు నుంచే విడదీశారు. వేరు బరువులో బెరడు సుమారు సగం. ఆల్కలాయిడ్లలో మాత్రం దాదాపు 90 శాతం ఆ బెరడులోనే ఉంటాయి. లోపలి కర్రలో మందు తక్కువ.

ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీతో ఈ తేడా కనిపెట్టవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ అంటే టీవీ రిమోట్ పంపే, కంటికి కనబడని కాంతి లాంటిదే. వేరు పొడి మీద దాన్ని వేస్తే కర్ర, పిండి పదార్థం, ఆల్కలాయిడ్లు ఒక్కొక్కటి ఒక్కో చోట కాంతిని పీల్చుకుంటాయి. యంత్రం దాన్ని గీతగా చూపిస్తుంది. ఆ గీతను ముందే తెలిసిన బెరడు, కర్ర, కాండం నమూనాల గీతలతో పోలుస్తారు. కాండం ముక్కలు కలిపినా, బెరడు పోయినా తెలుస్తుంది. చిటికెడు పొడి చాలు, నిమిషాల్లో పని అయిపోతుంది. ఆల్కలాయిడ్ కచ్చితంగా ఎంత ఉందో తేల్చడానికి మాత్రం వేరే పరీక్ష చేయాలి.

తేమ ఉంటే నీటి గుర్తే పెద్దగా కనిపించి మిగతావాటిని కప్పేస్తుంది. అందుకే వేరు విరిస్తే టక్కున విరిగేదాకా ఆరబెట్టాలి. మన దగ్గర డిసెంబరులో మంచు పడుతుంది కాబట్టి రాత్రిళ్లు లోపల పెట్టండి.

నాటిన 18 నెలలకు, ఆకు రాలే చలికాలంలో తవ్వండి. ముందు పలుచగా తడి ఇస్తే వేరు తెగదు, బెరడు ఊడదు. సన్న వేర్లకూ బెరడు ఉంటుంది, మట్టిలో వదలొద్దు. మట్టి పోయేలా నీళ్లతో కడిగితే చాలు. తెల్లగా కనబడాలని గీకడం, బ్రష్షుతో రుద్దడం వద్దు. బస్తా అడుగున రాలిన పొట్టును దుమ్మనుకుని ఊడ్చేస్తుంటారు. అందులోనే మందు ఎక్కువ. జల్లెడ పట్టి మట్టి తీసి మళ్లీ బస్తాలో కలపండి.

నమూనా ఇచ్చేటప్పుడు మంచి వేర్లే ఏరకుండా ప్రతి బస్తా పైన, మధ్య, అడుగు నుంచి తీయండి. అలా తీయకపోతే పరీక్ష ఒకటి చెబుతుంది, సరుకు ఇంకొకటి ఉంటుంది. బేరం అక్కడే చెడుతుంది.

అడవి నుంచి తవ్విన సర్పగంధ ఎగుమతిపై నిషేధం ఉంది. కాబట్టి మీ పొలంలో పండించినట్టు రుజువు కాగితాలు దాచుకోండి. సీమ్యాప్ సంస్థ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. నారు గురించి, పరీక్ష గురించి అక్కడ అడగండి. కొనేవారు ఖరారు కాకుండా పది సెంట్లకు మించి వేయకండి.