ప్రపంచ సుందరి పోటీలు: విజయావకాశాల అంచనాకు ప్రాతిపదికలు

(ప్రత్యేక వ్యాసం)

72వ ప్రపంచ సుందరి పోటీలకు 2025 మే మాసంలో తెలంగాణ రాష్ట్రం ఆతిథ్యమిచ్చింది. మే 10న హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రారంభోత్సవం, మే 31న హైటెక్స్ ప్రాంగణంలో తుది పోటీ జరిగాయి. వివిధ దేశాలకు, ప్రాంతాలకు చెందిన 108 మంది యువతులు పాల్గొన్న ఈ పోటీలలో థాయ్‌లాండ్‌కు చెందిన ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీ కిరీటాన్ని గెలుచుకున్నారు. ఆ దేశానికి ఈ గౌరవం దక్కడం ఇదే ప్రథమం. ఇథియోపియా, పోలండ్, మార్టినిక్ ప్రతినిధులు వరుసగా తదుపరి మూడు స్థానాలలో నిలిచారు.

ఇటువంటి పోటీలు జరిగిన ప్రతిసారీ విజేత ఎవరన్న అంచనాలు వెలువడడం పరిపాటి. అవి సాధారణంగా అభ్యర్థి రూపం, ఆమె దేశపు గత చరిత్ర, ఆతిథ్య దేశమన్న అనుకూలత అనే మూడు అంశాలపై ఆధారపడి ఉంటాయి. అయితే పోటీ నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు ఈ మూడింటి కంటే ఎంపిక విధానమే అవకాశాలను ఎక్కువగా నిర్ణయిస్తున్నట్లు స్పష్టమవుతుంది. పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఆ విధానాన్ని ఇక్కడ వివరించడమైనది.

ఖండాల వారీ వడపోత

2025 పోటీలలో అభ్యర్థులను ఆఫ్రికా, అమెరికాలు - కరీబియన్, ఆసియా - ఓషియానియా, యూరప్ అనే నాలుగు విభాగాలుగా వర్గీకరించారు. ఒక్కొక్క విభాగం నుండి 10 మంది చొప్పున 40 మందిని క్వార్టర్ ఫైనల్స్‌కు ఎంపిక చేశారు. తరువాతి దశలో విభాగానికి ఐదుగురు చొప్పున 20 మంది, ఆపై ఇద్దరు చొప్పున 8 మంది, చివరకు ఒక్కొక్కరు చొప్పున నలుగురు మిగిలారు. ఆ నలుగురి నుండి విజేతను ప్రకటించారు.

దీనిని బట్టి ఒక అభ్యర్థి 107 మందితో ఏకకాలంలో పోటీ పడటం లేదని గ్రహించవలసి ఉన్నది. చివరి నలుగురిలో స్థానం లభించేంత వరకు ఆమె పోటీ తన విభాగంలోని వారితోనే. ఆసియా నుండి ఇద్దరు అత్యుత్తమ అభ్యర్థులు ఉన్నప్పటికీ వారిలో ఒక్కరే చివరి దశకు చేరగలరు. 2025లో ఆసియా - ఓషియానియా విభాగం నుండి చివరి ఎనిమిది మందిలో థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ ప్రతినిధులు నిలువగా, వారిలో ఫిలిప్పీన్స్ ప్రతినిధికి తుది నలుగురిలో అవకాశం దక్కలేదు. ఆమె ఇతర ఖండాల అభ్యర్థుల కంటే వెనుకబడినారని ఈ ఫలితం నుండి నిర్ధారించడానికి వీలులేదు.

108 మందిని నాలుగు విభాగాలకు సమానంగా పంచితే విభాగానికి 27 మంది వస్తారు. కాని వాస్తవంలో విభాగాల సంఖ్యాబలం సమానంగా ఉండదు, కేటాయించిన స్థానాలు మాత్రం సమానం. కనుక తక్కువ మంది అభ్యర్థులు ఉన్న విభాగంలో ఒక్కొక్కరికి అవకాశం హెచ్చుగా ఉంటుంది. కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి ప్రాంతమైన మార్టినిక్ వంటి చిన్న ద్వీపం నుండి వచ్చిన ఒరెలీ జోచిమ్ చివరి నలుగురిలో నిలవడాన్ని పరిశీలించినప్పుడు, దేశ విస్తీర్ణం, జనాభా ఈ పోటీలో నిర్ణాయకాలు కావని తెలుస్తుంది.

ఫాస్ట్ ట్రాక్ పోటీల విలువ

తుది పోటీకి ముందు క్రీడలు, టాలెంట్, టాప్ మోడల్, మల్టీమీడియా, ముఖాముఖి ప్రసంగం వంటి అంశాలలో ఫాస్ట్ ట్రాక్ పోటీలు జరుగుతాయి. వీటిలో విజేతలకు క్వార్టర్ ఫైనల్స్‌లో నేరుగా స్థానం లభిస్తుంది. 2025లో క్రీడలలో ఎస్తోనియా, టాలెంట్‌లో ఇండోనేషియా ప్రతినిధులు ప్రథములుగా నిలిచారు. టాప్ మోడల్ విభాగంలో భారత్‌కు చెందిన నందినీ గుప్తా, నమీబియా, మార్టినిక్, ఐర్లండ్ ప్రతినిధులు తమ తమ ఖండాల విజేతలుగా ఎంపికయ్యారు. మల్టీమీడియా విభాగంలో థాయ్‌లాండ్, కామెరూన్, డొమినికన్ రిపబ్లిక్, మాంటెనెగ్రో ప్రతినిధులు గెలుపొందారు.

ఫాస్ట్ ట్రాక్ విజయం ద్వారం తెరుస్తుందే గాని కిరీటాన్ని ఖాయం చేయదు. ఎస్తోనియా, ఇండోనేషియా ప్రతినిధులకు చివరి ఎనిమిది మందిలో చోటు దక్కలేదు. మరోవైపు థాయ్‌లాండ్, మార్టినిక్ ప్రతినిధులు ఫాస్ట్ ట్రాక్ విజయం నుండి చివరి నలుగురి వరకు సాగారు. కావున ఒక విభాగంలో గెలుపు వార్త వెలువడిన వెంటనే ఆ అభ్యర్థిని కాబోయే ప్రపంచ సుందరిగా పేర్కొనడం తొందరపాటు అవుతుంది.

పోటీల సందర్భంగా అభ్యర్థులు చార్మినార్, రామప్ప దేవాలయం, పోచంపల్లి, నాగార్జునసాగర్‌లోని బుద్ధవనం తదితర ప్రదేశాలను సందర్శించారు. ఈ పర్యటనలు రాష్ట్ర సంస్కృతిని, పర్యాటకాన్ని ప్రపంచానికి పరిచయం చేయడానికి ఉద్దేశించినవి. ఇవి ఫాస్ట్ ట్రాక్ పోటీలలో భాగం కావు. పర్యటనలో ఒక అభ్యర్థికి లభించిన ఛాయాచిత్రాల ప్రాచుర్యాన్ని ఆమె విజయావకాశానికి సూచికగా భావించరాదు.

సేవా ప్రయోజనం, భావ వ్యక్తీకరణ

1951లో లండన్‌లో ఎరిక్ మోర్లే ప్రారంభించిన ఈ పోటీ తొలినాళ్లలో ఈత దుస్తుల ప్రదర్శనగా ఉండేది. 1996లో బెంగళూరులో పోటీలు జరిగినప్పుడు తీవ్ర నిరసనలు వ్యక్తం కాగా, ఈత దుస్తుల విభాగాన్ని సీషెల్స్ దీవులకు తరలించవలసి వచ్చింది. అనంతర కాలంలో నిర్వాహకులు ఆ విభాగాన్ని పూర్తిగా విరమించారు. 1972లో ఆరంభమైన 'సేవా ప్రయోజనంతో కూడిన సౌందర్యం' కార్యక్రమానికి క్రమేణా ప్రాధాన్యం పెరిగింది.

2017లో చైనాలోని సన్యాలో విజేతగా నిలిచిన మానుషి చిల్లర్ ఇందుకు ఉదాహరణ. మహిళల రుతుక్రమ ఆరోగ్యంపై ఆమె చేపట్టిన 'శక్తి' కార్యక్రమం సేవా విభాగంలో ఉమ్మడి విజేతలలో ఒకటిగా ఎంపికయింది. 2025 విజేత సుచాత సైతం రొమ్ము క్యాన్సర్‌పై అవగాహన కల్పించే కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నవారే. ఆమె 2024 నవంబరులో మెక్సికోలో జరిగిన మిస్ యూనివర్స్ పోటీలలో చివరి ఐదుగురిలో నిలిచి, అంతర్జాతీయ వేదిక అనుభవంతో హైదరాబాద్‌కు వచ్చారు. మిస్ యూనివర్స్, మిస్ వరల్డ్ వేర్వేరు సంస్థలు నిర్వహించే పోటీలు. మొదటిదానిని విశ్వ సుందరి అనీ, రెండవదానిని ప్రపంచ సుందరి అనీ తెలుగు పత్రికలు వ్యవహరిస్తున్నాయి. వార్తలలో ఈ రెండు పేర్లు తారుమారు కాకుండా చూడవలసి ఉన్నది.

ఆతిథ్య దేశానికి అనుకూలత ఉన్నదా?

భారత్ ఇప్పటివరకు ఆరు పర్యాయాలు ప్రపంచ సుందరి కిరీటాన్ని గెలుచుకుని వెనిజులాతో సమానంగా నిలిచింది. విజేతలు రీటా ఫారియా (1966), ఐశ్వర్యా రాయ్ (1994), డయానా హేడెన్ (1997), యుక్తా ముఖీ (1999), ప్రియాంకా చోప్రా (2000), మానుషి చిల్లర్ (2017). వీరిలో డయానా హేడెన్ హైదరాబాద్‌లో జన్మించినవారు. ఈ ఆరు విజయాలూ లండన్, సన్ సిటీ, సీషెల్స్, సన్యా వంటి విదేశీ వేదికలపై లభించినవే.

స్వదేశంలో పోటీలు జరిగిన మూడు పర్యాయాలూ కిరీటం ఇతర దేశాలకే దక్కింది. 1996లో బెంగళూరులో గ్రీసు, 2024లో ముంబయిలో చెక్ రిపబ్లిక్, 2025లో హైదరాబాద్‌లో థాయ్‌లాండ్ గెలుపొందాయి. ఆ మూడు సందర్భాలలో భారత ప్రతినిధులు వరుసగా చివరి ఐదుగురిలో, ఎనిమిది మందిలో, ఇరవై మందిలో నిలిచారు. రాజస్థాన్‌లోని కోటాకు చెందిన నందినీ గుప్తా చివరి ఎనిమిది మందిలో చేరకపోవడం పలువురిని నిరాశపరచింది. కాని ఆసియా - ఓషియానియా విభాగానికి కేటాయించినవి రెండే స్థానాలన్న వాస్తవాన్ని తెలిపినప్పుడు ఆ ఫలితం పాఠకులకు సక్రమంగా అర్థమవుతుంది. సొంతగడ్డపై గెలుపు తథ్యమన్న భావన కలిగించడం వలన అభ్యర్థిపై అనవసరమైన భారం పడుతుంది, ఆమె సాధించిన స్థానం చిన్నబోతుంది.

అంచనాలలో పాటించదగిన అంశాలు

* అభ్యర్థి ఏ ఖండ విభాగానికి చెందినవారో, ఆ విభాగంలో ఎందరు పోటీలో ఉన్నారో మొదట తెలుసుకోవాలి.
* ఫాస్ట్ ట్రాక్ విజయాన్ని క్వార్టర్ ఫైనల్స్ ప్రవేశంగా మాత్రమే పేర్కొనాలి.
* సేవా కార్యక్రమం ఎంతకాలంగా సాగుతున్నదో, ఎవరికి మేలు చేకూరుతున్నదో విచారించాలి.
* ముఖాముఖి ప్రసంగాలలో విషయ పరిజ్ఞానాన్ని, స్పష్టతను గమనించాలి.
* శరీర వర్ణనను, దేశాల మధ్య ఎగతాళిని పరిహరించాలి.
* ఆతిథ్య రాష్ట్ర అధికారులు ఏ అభ్యర్థికీ అనుకూలంగా వ్యాఖ్యానించరాదు. అతిథులందరిపట్ల సమభావం చూపడం ఆతిథ్య ధర్మం.

అంచనా అన్నది జోస్యం కాదు. ఎంపిక నియమాలను తెలుసుకుని, అందుబాటులో ఉన్న ఆధారాలను పాఠకుల ముందు ఉంచడమే దాని ప్రయోజనం. ఆ విధంగా వ్రాసిన వార్త ఫలితం వెలువడిన తరువాత కూడా విశ్వసనీయతను నిలుపుకొంటుంది. గెలుపొందని 107 మందికీ న్యాయం చేకూరుస్తుంది.