పాత పుస్తకాల సంతలో నేను నేర్చుకున్న చరిత్ర

మా సోషల్ సారు ఈ ఏడాది పత్రికకి చరిత్ర మీద వ్యాసం రాయమన్నారు. రాజుల గురించి, యుద్ధాల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, ఈసారి మీ కళ్లతో చూసినదాని చరిత్ర రాయండి అని చెప్పారు. నేను ఏడు ఆదివారాలు తిరిగి చూసింది పాత పుస్తకాల సంత. అందుకే దాని గురించి రాస్తున్నాను. అయితే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే నేను సంతకి ఎందుకు వెళ్లానో మీకు అర్థం కాదు.

రెండేళ్ల కిందట మేము కాడుగోడిలోనే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారాము. కొత్త ఇల్లు చిన్నది. అమ్మ నన్ను పాత కాగితాలన్నీ తీసి పాతసామాన్ల వాడికి వేయమంది. తాత అప్పుడు మదనపల్లె దగ్గర మా ఊర్లో ఉన్నాడు. నేను అటక మీద ఉన్న మూట కూడా తెచ్చి తక్కెట్లో పెట్టేశాను. మొత్తం 14 కిలోలు తూగింది. కిలో 12 రూపాయల లెక్కన 168 రూపాయలు ఇచ్చాడు. తాత తిరిగి వచ్చి "అమ్మణ్ణీ, నా శబ్దరత్నాకరం యాడ పెట్టినావు?" అని అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు.

శబ్దరత్నాకరం అంటే తెలుగు నిఘంటువు. బహుజనపల్లి సీతారామాచార్యులు తయారు చేయగా 1885లో వెలువడింది. తర్వాత చాలాసార్లు మళ్లీ అచ్చు వేశారు. "కొత్తది కొనుక్కోవచ్చు కదా తాతా" అన్నాను. తాత కోప్పడలేదు. "పుస్తకం దొరుకుతుందిలే. పక్కన నేను రాసుకున్నవి ఎవరు అచ్చేస్తారు?" అన్నాడు. చదువుకునే రోజుల నుంచి, మా ఊరి మాట ఏది అందులో కనపడకపోయినా మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి పెట్టేవాడంట. దగ్గర దగ్గర నలభై ఏళ్ల రాతలు. వాటి కోసమే నా వేట మొదలైంది.

మా వైట్‌ఫీల్డ్‌లో ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు, మాల్స్ ఉన్నాయి కానీ పాత పుస్తకాల సంత లేదు. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇక్కడ 3,900 ఎకరాలు ఇచ్చారు. ఆ సంఘం నాయకుడు డి.ఎస్. వైట్ పేరు మీదే ఈ ఊరికి వైట్‌ఫీల్డ్ అని పేరు వచ్చింది. వ్యవసాయం చేసుకొని బతికే పల్లెగా మొదలైన ఊరు ఇది. పాత పుస్తకాలు కావాలంటే ఇంకా పాత ఊరికి పోవాలి. అంటే బెంగళూరు పేటకి.

2023 అక్టోబరు నుంచి మాకు మెట్రో పూర్తిగా కలిసింది. నాన్నా నేనూ కాడుగోడిలో ఎక్కి, మెజెస్టిక్‌లో పచ్చ లైన్‌కి మారి, చిక్కపేటలో దిగుతాము. కెంపేగౌడ 1537లో కట్టించిన పేట ఇదే. ఇప్పటి అవెన్యూ రోడ్డు పాత పేరు దొడ్డపేట. మైసూర్ బ్యాంక్ సర్కిల్ నుంచి కె.ఆర్. మార్కెట్ దాకా ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా ఇక్కడ పాత పాఠ్యపుస్తకాలు అమ్ముతారు. ఆదివారం పెద్ద అంగళ్లు చాలావరకు మూసేస్తారు. మూసిన షట్టర్ల ముందు, బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు వైపు కూడా, పొద్దున్నే పట్టలు పరిచి పాత సామాన్ల సంత పెడతారు. గడియారాలు, చెప్పులు, రేడియోలు, వాటి మధ్యలో పుస్తకాలు. పెద్ద అంగడి సెలవు చిన్న వ్యాపారికి పండగ అని నాకు అక్కడే తెలిసింది.

ఈ పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయని ఒక వ్యాపారిని అడిగాను. ఆయన నాతో తెలుగులో, పక్కాయనతో కన్నడంలో, టీ అబ్బాయితో ఉర్దూలో మాట్లాడుతున్నాడు. పాతసామాన్ల వాళ్లు ఇంటింటికీ తిరిగి కిలోల లెక్కన కొంటారు. గోడౌన్‌లో చిరిగినవి వేరు చేసి కాగితం మిల్లుకి పంపుతారు. అట్ట బాగున్నవి వీళ్లు ఏరుకొని కొంటారు. అక్కడి దాకా కిలోల్లో ఉన్న పుస్తకం, పట్ట మీదికి వచ్చాక మళ్లీ ఒక్కో పుస్తకంగా మారుతుంది. పరీక్షల పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు తొందరగా పోతాయంట. "తెలుగువి అడిగేవాళ్లు తక్కువమ్మా, అందుకే మేము ఏరేది కూడా తక్కువే" అన్నాడు. అంటే నేను తూకానికి వేసిన నిఘంటువు పట్ట దాకా రాకుండానే మిల్లుకి పోయి ఉండొచ్చు. ఆ మాట విని ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నేను నాన్నతో ఏమీ మాట్లాడలేదు.

ఇలా పుస్తకాల కోసం ఊర్లు తిరగడం కొత్త విషయం కాదని సారు చెప్పారు. 1799లో టిప్పు సుల్తాను పడిపోయిన తర్వాత మైసూరు దేశాన్ని సర్వే చేయడానికి కాలిన్ మెకంజీని నియమించారు. ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య ఏలూరు వాడు. మన తెలుగువాడు ఈ కన్నడ నేల మీద ఊరూరా తిరిగి శాసనాలు, తాళపత్రాలు, ఊరి పెద్దలు చెప్పే కథలు పోగు చేశాడు. 1803లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వాళ్లు సేకరించినవి చాలావరకు ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

తర్వాత సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. చెదలు తింటున్న తాళపత్రాలు తెప్పించి, పండితులకు జీతాలు ఇచ్చి, ప్రతులు పోల్చి చూసి శుద్ధంగా రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. బొర్రయ్యకీ బ్రౌన్‌కీ మెట్రో లేదు, ఫోను లేదు. నాకు రెండూ ఉన్నాయి, కానీ ఒక్క పుస్తకం దొరకలేదు. వాళ్లు వెదికేటప్పటికి ఆ ప్రతులు ఎవరో ఒకరి ఇంట్లో ఇంకా ఉన్నాయి. నేను వెదకడం మొదలుపెట్టింది పారేసిన తర్వాత. తేడా అదే అనుకుంటాను.

దసరా సెలవుల్లో మా అత్త వాళ్లింటికి హైదరాబాద్ పోయినప్పుడు అబిడ్స్‌లో ఆదివారం సంత కూడా చూశాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆయన పెట్టిన అంగడి వల్ల ఆ ప్రాంతానికి అబిడ్స్ అనే పేరు వచ్చింది. అక్కడ కూడా ఆదివారం షాపులు మూస్తే ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే. తెలుగు నవలలు, పాత వారపత్రికలు కుప్పలుగా ఉన్నాయి. నేను అన్ని తెలుగు పుస్తకాలు ఒకేచోట చూడడం అదే మొదటిసారి.

అక్కడికి దగ్గరలోనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్లు కలిసి పెట్టారు. అప్పట్లో నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువమంది ఉన్నా, చదువూ ఆఫీసు పనీ ఉర్దూలో జరిగేవి. తెలుగు చదవాలనుకునే వాళ్లకి ఒక చోటు కావాలని ఆ గ్రంథాలయం పెట్టుకున్నారు. మా పదో తరగతిలో తెలుగు మీడియం పిల్లలం 11 మందిమి. ఆ గ్రంథాలయం గురించి విన్నప్పుడు నాకు మా తరగతి గదే గుర్తొచ్చింది.

ఈ సంతలు ఎప్పటికీ ఉంటాయన్న నమ్మకం కూడా లేదు. ఢిల్లీలో దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల సంత ఎన్నో ఏళ్లు ఫుట్‌పాత్ మీద జరిగింది. 2019లో హైకోర్టు ఆదేశంతో అక్కడి నుంచి తీసేశారు. తర్వాత మహిళా హాట్ అనే చోట జాగా ఇచ్చారు. నడిచేవాళ్లకి దారి కావాలి, నిజమే. పట్ట పరుచుకొని బతికేవాళ్లకి కూడా చోటు కావాలి కదా.

ఇంతకీ తాత పుస్తకం దొరికిందా అంటే, దొరకలేదు. ఏడో ఆదివారం అవెన్యూ రోడ్డులో తెలుగు మీడియం ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ఒకటి దొరికింది. చాలా పాతది. మొదటి పేజీలో మూడు రంగుల సిరాతో ముగ్గురు పిల్లల పేర్లు ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు వాడుకున్నట్టుంది. మూడో పేరు కింద "జాగ్రత్తగా చూసుకో" అని రాసి ఉంది. పది రూపాయలిచ్చి కొన్నాను. సిలబస్ మారిపోయింది, నాకు పనికిరాదు. అయినా అక్కడ వదిలి రావడానికి మనసు ఒప్పలేదు.

ఆ పుస్తకం తాతకి చూపించాను. తాత ఆ పేర్లు చాలాసేపు చూసి, "పోయింది పోనీలే, నేనింకా ఉండా కదా" అన్నాడు. ఆ రాత్రి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాము. తాత చెప్తాడు, నేను రాస్తాను. గెనిమ అంటే పొలం గట్టు. బిన్నా అంటే తొందరగా. ఇప్పటికి 212 మాటలు అయ్యాయి. కొన్ని మాటలు నోటి దాకా వచ్చి ఆగిపోతాయి. "రాసిపెట్టినానే అది" అంటాడు తాత. అప్పుడు నాకు మళ్లీ ఆ తక్కెడ గుర్తొస్తుంది.

ఇది చదివే తల్లిదండ్రులకి, నా తోటి విద్యార్థులకి ఒకటే మనవి. పాత పుస్తకాలు తూకానికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. పేరు ఉందా, తేదీ ఉందా, మార్జిన్‌లో ఎవరైనా ఏమైనా రాశారా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మీకు అక్కర్లేని తెలుగు పుస్తకం ఉంటే మా బడికి ఇవ్వండి, స్టాఫ్ రూమ్ పక్కన ఉన్న బీరువాలో రెండు అరలు ఖాళీగా ఉన్నాయి. నేను కొన్న సైన్సు పుస్తకం ఇప్పుడు అందులోనే ఉంది. మూడు పేర్ల కింద నాలుగోది నా పేరు రాశాను.