ఘంటసాల: తెర వెనుక నటుడు

ఘంటసాల వెంకటేశ్వరరావు (4 డిసెంబరు 1922 – 11 ఫిబ్రవరి 1974) గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన్ని గాయకుడిగా తప్ప మరోలా తలచుకోవడం తెలుగువాళ్ళకు అలవాటు లేదు. గాత్రనటుడు అనగానే కార్టూన్ చిత్రంలో సింహానికో కుందేలుకో గొంతు ఇచ్చేవాడు, లేదా పరభాషా నటుడికి తెలుగు మాట చెప్పేవాడు గుర్తొస్తాడు. కానీ తనది కాని ముఖానికి గొంతుతో ప్రాణం పోయడమే ఆ వృత్తికి ప్రధాన లక్షణం అనుకుంటే, దాన్ని తెలుగు తెర మీద అందరికంటే పెద్ద ఎత్తున చేసి చూపించింది ఘంటసాలే. ఈ వ్యాసం ఆయన్ని ఆ కోణంలోనే చూస్తుంది.

గొంతు ఒకరిది, ఆట మరొకరిది అన్న పద్ధతి ఈ ప్రాంతానికి సినిమాతో వచ్చింది కాదు. చౌటపల్లికి ఎంతో దూరం లేని కూచిపూడిలో భాగవతులు వేషం కట్టి తామే పాడేవారు. ఆట ఉధృతిలో ఊపిరి చాలనిచోట పక్కనున్న సూత్రధారి అందుకునేవాడు. తోలుబొమ్మలాటలో తెర వెనుక నలుగురైదుగురే రాముడు, రావణుడు, హాస్యపాత్ర బంగారక్క అన్నీ అయ్యేవారు. ఘంటసాల తండ్రి సూరయ్య తరంగాలు పాడి మృదంగం వాయించేవాడు. ఆయన పాడుతుంటే పసివాడు చిందులు వేసేవాడు. అంటే ఒకరి గొంతుకు మరొకరి దేహం ఆడటం ఈయనకు చిన్ననాటి అనుభవం, కాకపోతే అప్పట్లో దేహం ఈయనది. తండ్రి పోయాక విజయనగరం వెళ్ళి, వారాలు చేసుకుంటూ, మధుకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చారు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, 'సీతారామ జననం' (1944)లో బృందగానంలో ఒకరై, 'స్వర్గసీమ' (1945)తో నేపథ్య గాయకుడయ్యారు.

ఆయన గొంతును ఎక్కువగా ధరించిన ఇద్దరు హీరోలూ ఆ చుట్టుపక్కలవాళ్ళే కావడం విశేషం. నందమూరి తారక రామారావుది నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుది రామాపురం. ముగ్గురి పుట్టుకల మధ్య తేడా రెండేళ్ళకు లోపే. రామారావుది నిండైన, గంభీరమైన కంఠం. నాటకాల్లో ఆడవేషాలతో ఎదిగిన నాగేశ్వరరావుది సన్నగా, కాస్త మృదువుగా సాగే కంఠం. తొలి చిత్రాల్లో ఆయన తన పాటలు తానే పాడుకున్నారు కూడా. ఇంత వేరైన ఇద్దరి మాటకు కొనసాగింపుగా ఒకే మనిషి పాట వినిపించాలి, ప్రేక్షకుడికి అతుకు తెలియకూడదు. ఘంటసాల శ్రుతి మార్చి సరిపెట్టలేదు. రామారావుకు గుండెలోంచి గొంతు తెరిచి, మాట చివర బరువుగా ఆనించారు. నాగేశ్వరరావుకు అదే గొంతును సన్నబరచి, కొంచెం ముక్కులోకి తీసి, పదాన్ని వదిలేటప్పుడు మెత్తబరిచారు. 'గుండమ్మ కథ' (1962), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) పక్కపక్కన పెట్టుకుని వింటే ఈ తేడా తేటతెల్లమవుతుంది. ముఖ్యంగా రెండోదానిలో కృష్ణుడు రామారావు, అర్జునుడు నాగేశ్వరరావు. ఇద్దరూ తలపడి పద్యాలు విసురుకుంటారు. పద్యం అక్కడ పాట కాదు, సంభాషణ. ఎవరి అహం ఎంతవరకు వచ్చిందో రాగం కంటే ముందు ఉచ్చారణే చెబుతుంది.

'మాయాబజార్' (1957) ఇంకా బలమైన సాక్ష్యం. నౌకావిహారం పాటలో అభిమన్యుడు ఎక్కిన పడవనే తర్వాత కృష్ణుడూ ఎక్కుతాడు. గొంతు ఒకటే, వయసూ చిలిపితనమూ వేరు. దానికంటే మాయాశశిరేఖ పెళ్ళి సంబరం పాట గమనించదగింది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి ముఖం మీద పి.సుశీల కంఠం హాయిగా నడుస్తుండగా, ఉత్సాహంలో మరిచిపోయి మగగొంతు బయటపడుతుంది. అది ఘంటసాలది. తెర మీద రూపం స్త్రీది, లోపలున్నవాడు రాక్షసుడు, ఆ సంగతి ప్రేక్షకుడికి చెప్పే భారం కాస్సేపు గొంతు మీదే పడింది. అమెరికాలో బగ్స్ బన్నీకి, డాఫీ డక్‌కు, పోర్కీ పిగ్‌కు గొంతిచ్చిన మెల్ బ్లాంక్ చేసింది ఈ జాతి పనే.

గాయకుడు సంగీత దర్శకుడు చెప్పినట్టు పాడతాడు, స్వేచ్ఛ లేనివాడిని నటుడనడం ఏమిటని అడగవచ్చు. కానీ నటుడికీ దర్శకుడుంటాడు, రాసిచ్చిన మాటలుంటాయి. పైగా 'మనదేశం', 'కీలుగుర్రం' (రెండూ 1949), 'పాతాళభైరవి' (1951) మొదలుకుని ఎన్నో చిత్రాలకు సంగీత దర్శకుడు కూడా ఘంటసాలే. రంగస్థల పద్యంలో ఆలాపన చాంతాడంత సాగేది, 'వన్స్ మోర్' కేకల కోసం మాట మరుగున పడేది. ఆయన రాగాన్ని కుదించి, అర్థం విరిగేచోట ఊపిరి తీసుకుని, పద్యాన్ని పాత్ర నోటి మాటగా మార్చారు. అది స్వరకర్త నిర్ణయం మాత్రమే కాదు, నటుడిది కూడా.

రెండో అభ్యంతరానికి ఇంకొంచెం బలముంది. 'మిస్సమ్మ' (1955)లో రామారావుకు ఎ.ఎం.రాజా పాడితే జనం మెచ్చారు. అంటే హీరోకు అచ్చంగా అతికే గొంతే కావాలన్న నియమం లేదు. నిజమే. సరదా పాటలో, ప్రేమ పాటలో శ్రోత గొంతును విడిగా ఆస్వాదిస్తాడు, అతుకు కనిపించినా పట్టించుకోడు. పద్యంలో అలా కుదరదు. రామారావు సగం వాక్యం సొంత గొంతుతో చెప్పి వెంటనే పద్యమెత్తుకున్నప్పుడు, మనిషి మారినట్టు అనిపిస్తే కృష్ణుడే కూలిపోతాడు. పౌరాణికాల్లో రామారావుకు ఘంటసాల దాదాపు తప్పనిసరి కావడానికి కారణం వెతకాలంటే ఇక్కడే వెతకాలి.

ముఖమే లేనిచోట ఆయన ఏం చేశారో చూస్తే సందేహం మరింత తగ్గుతుంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' పద్యాల గ్రామఫోను రికార్డులో మాట్లాడేది పువ్వు. నటుడు లేడు, కెమెరా లేదు. తెంపడానికి వచ్చిన మనిషిని పువ్వు నిలదీస్తుంది, బతిమాలుతుంది, ఎత్తిపొడుస్తుంది. ప్రాణం లేదనుకున్నదానికి మాట పుట్టించడం కార్టూన్ చిత్రాల మూలసూత్రం. కదిలే బొమ్మ లేకుండానే అది ఇక్కడ నెరవేరింది. పద్యాల మధ్య ఆయన చదివే వచనం వింటే, పాడకపోయినా ఆ కంఠానికి ఏ లోటూ రాదని తెలుస్తుంది. మరణానంతరం విడుదలైన భగవద్గీత రికార్డులో శ్లోకాల వెంట తెలుగు తాత్పర్యం చెప్పిందీ ఆయనే.

అయితే ఆయన్ని వేయి గొంతుల మనిషి అనలేం. మెల్ బ్లాంక్‌లా గొంతును గుర్తుపట్టలేనంతగా మార్చడం ఆయన దారి కాదు. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి విందు పాట మాధవపెద్ది సత్యానికి వెళ్ళింది, అక్కడ ఆ మోటుదనమే సరి. ఘంటసాల నేర్పు కొద్ది పాత్రల మధ్య సన్నని తేడాలు పట్టడంలో ఉంది. పాటకూ మాటకూ మధ్య గోడ ఎంత పలచనో తర్వాతి తరం చూపించింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కమల్ హాసన్‌కు తెలుగు మాటలు చెప్పారు, 'అన్నమయ్య' (1997)లో సుమన్ వేంకటేశ్వరుడికి గొంతయ్యారు. పి.జె.శర్మ కుటుంబం డబ్బింగునే ఇంటి వృత్తి చేసుకుంది; ఆయన కొడుకు రవిశంకర్ 2019 'ది లయన్ కింగ్' తెలుగు రూపంలో ముఫాసా. ఘంటసాల కొడుకు రత్నకుమార్ గాయకుడిగా కాక డబ్బింగ్ కళాకారుడిగా దశాబ్దాలపాటు పనిచేసి 2021 జూన్‌లో చెన్నైలో కన్నుమూశారు.