రెసిడెన్సీ గుమ్మం దగ్గర: కార్పొరేట్ కళాపోషణలో దళిత చిత్రకారుల చోటెంత?

ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటుకు రిజర్వేషన్ ఉంది. ఎంపిక జాబితా బయట పెడతారు, రోస్టర్ ఏమైందని అడగొచ్చు, అన్యాయం జరిగితే కోర్టుకు పోవచ్చు. ఎంఎఫ్ఏ చేతికొచ్చిన మర్నాటి నుంచి ఇవేవీ ఉండవు. మొదటి ప్రదర్శన ఎవరు పెట్టిస్తారు, బొమ్మ వేసుకోవడానికి చోటెవరిస్తారు, సామాను ఎవరి డబ్బుతో కొనాలి అన్నవి చాలావరకు ప్రైవేటు చేతుల్లోకి పోయాయి. అందులో కంపెనీలూ, వాటి యజమాని కుటుంబాలు నడిపే ఫౌండేషన్లూ ప్రధానం.

రెసిడెన్సీ అంటే యువ కళాకారులకు కొన్ని వారాలో నెలలో ఉండటానికి గది, పనికి స్టూడియో, కొన్నిచోట్ల స్టైపెండ్, సామాను ఖర్చు ఇచ్చే ఏర్పాటు. చివర్లో ప్రదర్శన ఉంటుంది, క్యూరేటర్లూ గ్యాలరీల వాళ్లూ వచ్చి చూస్తారు. బతుకుదెరువుకు అసలు పనికొచ్చేది ఆ పరిచయాలే. వడోదరలో అలెంబిక్ సంస్థ తన పాత పారిశ్రామిక ప్రాంగణంలో స్పేస్ స్టూడియో నడుపుతోంది. తెలుగువాళ్లు బాగా ఉన్న బళ్లారి ప్రాంతంలోనే, తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్కన, జేఎస్‌డబ్ల్యూ వారి హంపి ఆర్ట్ ల్యాబ్స్ 2024లో మొదలైంది. గోవాలో 2016 నుంచి జరుగుతున్న సెరెండిపిటీ ఆర్ట్స్ ఫెస్టివల్ వెనక హీరో గ్రూపు కుటుంబానికి చెందిన సునీల్ కాంత్ ముంజాల్ ఉన్నారు.

వీటన్నిటిలో విద్యార్థులు ముందు తెలుసుకోవాల్సింది కొచ్చి స్టూడెంట్స్ బియెన్నాలే గురించి. కొచ్చి-ముజిరిస్ బియెన్నాలే 2012 డిసెంబరు 12న మొదలైతే, విద్యార్థుల విభాగం 2014లో వచ్చింది. దీనికి టాటా ట్రస్ట్స్ తోడ్పాటు ఉంది. యువ క్యూరేటర్లు ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలకు వెళ్లి పని చూసి విద్యార్థులను ఎంచుకోవడం దీని ప్రత్యేకత. దరఖాస్తు కోసం కూర్చుని చూసే పద్ధతికీ, కాలేజీ గుమ్మం దాకా నడిచొచ్చే పద్ధతికీ తేడా చాలా ఉంది. రిజర్వేషన్‌తో చేరిన పిల్లలు ఉండేది ఆ కాలేజీల్లోనే కదా.

మిగతాచోట్ల మామూలుగా దరఖాస్తు పిలుపే. పరిశోధన కోసం ఇలాంటి పిలుపులు వరసగా చదువుతుంటాను. ఇంగ్లీషులో ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ రాయాలి. మంచి కెమెరాతో తీసిన పోర్ట్‌ఫోలియో పంపాలి. ఇద్దరు పేరున్నవాళ్ల సిఫారసు లేఖలు కావాలి. తరచూ వయసు పరిమితి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నవాళ్లు, మధ్యలో కూలికో ట్యూషన్‌కో పోయి రెండు మూడేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ఆ పరిమితి దగ్గరే ఆగిపోతారు. ప్రయాణ ఖర్చు ముందు మీరే పెట్టుకోండి, తర్వాత తిరిగి ఇస్తాం అన్న షరతు చిన్నదిగానే కనిపిస్తుంది, జేబులో డబ్బున్నవాడికి. ఎవరూ కులం అడగరు. అడగకుండానే వడపోత జరిగిపోతుంది. ఎంపికైనవాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరని లెక్క చెప్పాల్సిన బాధ్యత కూడా ఈ సంస్థలకు లేదు.

చట్టం ఏమంటోంది? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీలు, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేని మీద పెట్టొచ్చో ఏడో షెడ్యూల్ చెబుతుంది. ఐదో అంశంలో వారసత్వం, కళ, సంస్కృతి, సంప్రదాయ కళలు, చేతివృత్తులు ఉన్నాయి. మూడో అంశంలో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడినవారు ఎదుర్కొనే అసమానతలను తగ్గించే చర్యలున్నాయి. ఈ రెంటినీ కలిపి దళిత, ఆదివాసీ యువ కళాకారులకు రెసిడెన్సీ పెట్టడానికి ఏ అడ్డూ లేదు. అడిగేవాళ్లు లేరు, అంతే. ఇంకో సంగతి: తన సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్‌గా లెక్కించకూడదని నిబంధనలు చెబుతున్నాయి. గోడ నిండా బ్రాండు పేరు కనిపించే ప్రదర్శన చూసినప్పుడు అది ఏ ఖాతాలో డబ్బో కనుక్కోవడం మంచిది.

పోషకుడు ఎవరైతే బొమ్మలోని కథ మీద వాళ్ల నీడ పడుతుంది. తెలంగాణలో దక్కలి కళాకారులు పటం విప్పి జాంబ పురాణం చెప్పేది మాదిగలకు. నకాషీలు వేసిన ఆ పటాన్ని బతికించింది మాదిగ వాడలే. అందుకే అందులో జాంబవుడు భూమి కంటే ముందు పుట్టినవాడిగా నిలబడ్డాడు. అది కూడా కులం కట్టిన ఆశ్రిత వ్యవస్థే, దాన్ని గొప్ప చేయనక్కర్లేదు. కానీ కథ ఎటు నుంచి మొదలవ్వాలో ఆ పోషణే తేల్చింది.

ఇప్పుడు కంపెనీ డబ్బుతో నడిచే స్టూడియోలో గని గురించి, భూసేకరణ గురించి, సఫాయి పని గురించి బొమ్మ వేసినవాళ్లకు ఏమవుతుంది? ఎవరూ వద్దనకపోవచ్చు. వద్దంటారేమోనని ముందే రంగు తగ్గించుకోవడం అసలు ప్రమాదం. సవీ సావర్కర్ దశాబ్దాలుగా అంటరానితనాన్నీ దేవదాసీల బతుకునూ ఏ మెత్తదనమూ లేకుండా చిత్రించారు. కన్నూరు రబ్బరు కార్మికుల కుటుంబం నుంచి వచ్చిన సజన్ మణి రబ్బరు షీట్లనే కాన్వాసు చేసుకున్నారు, 2021లో బెర్లిన్ ఆర్ట్ ప్రైజ్ అందుకున్నారు. ప్రభాకర్ కాంబ్లే 2022 బెర్లిన్ బియెన్నాలేలో పాల్గొన్నారు. రెండు పేర్ల పక్కనా బెర్లిన్ కనిపించడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

విద్యార్థి సంఘాలు చేయగల పని ఒకటుంది. కంపెనీ వార్షిక నివేదికలో బోర్డు రిపోర్టుకు జతచేసిన సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. 2022లో నమూనా మారేదాకా ఏ ప్రాజెక్టుకు ఎంత, ఏ సంస్థ ద్వారా అన్నది అందులో రాయాల్సి ఉండేది. జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీల వారీగా ఖర్చు చూడొచ్చు. కళ, సంస్కృతి పద్దు కింద రాసిన మొత్తంలో గుడి మరమ్మతులకు ఎంత, ఉత్సవాలకు ఎంత, బతికున్న యువ కళాకారులకు ఎంత అని విడదీయండి. ఆ కాగితం పట్టుకుని ఎంపిక కమిటీలో ఎవరున్నారో, దరఖాస్తు తెలుగులో ఎందుకు తీసుకోరో, వయసు సడలింపు ఎందుకు లేదో ఆ ఫౌండేషన్‌కు రాయండి.