ఎస్కార్టుతోనైనా, ఒంటరిగానైనా

జోహాన్నెస్‌బర్గ్‌లో శనివారం పొద్దున్నే రోడ్డెక్కితే ఏదో ఒక శవయాత్ర ఎదురుకాక మానదు. ఇక్కడి నల్లవాళ్లు ఎక్కువగా శనివారమే అంత్యక్రియలు పెట్టుకుంటారు. గనుల్లోనో నగరాల్లోనో పనిచేసే బంధువులంతా సొంతూరు చేరాలి కదా! ముందురోజు రాత్రంతా జాగారం, ఇంటిముందు టెంటు, పెద్దపెద్ద కుండల్లో వంట. చావుకి పిలుపు అక్కర్లేదన్నది మనకీ ఉన్న మర్యాదే. ఇలాంటి దేశంలో కన్నతల్లిని మట్టిచెయ్యడానికి కొడుకుని వెళ్లనివ్వకపోవడం ఎంత క్రూరమో ఇక్కడ కాపురం పెట్టాకే నాకు పూర్తిగా అర్థమైంది.

నెల్సన్ మండేలా తల్లి నోసెకేని 1968 సెప్టెంబరులో గుండెపోటుతో పోయింది. ఆయన అప్పటికి రాబెన్ దీవిలో యావజ్జీవ ఖైదీ. ఆమెకి ఒక్కడే కొడుకు. మన లెక్కలో తలకొరివి పెట్టాల్సినవాడు. అంత్యక్రియలకి వెళ్తానని అడిగితే ఒప్పుకోలేదు. పది నెలలు తిరక్కుండానే, 1969 జులై 13న, పెద్దకొడుకు థెంబి కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 24, ఇద్దరు పసిపిల్లల తండ్రి. జైలు ఆఫీసుకి పిలిచి మండేలా చేతిలో టెలిగ్రాం పెట్టారు. ఒకటే వాక్యం. ఆయన సెల్లోకి వెళ్లి పడుకున్నాడు, రాత్రి భోజనానికి లేవలేదు. చివరికి తోటి ఖైదీ వాల్టర్ సిసులు వచ్చి పక్కనే మోకాళ్లమీద కూర్చుని, టెలిగ్రాం చదివి, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకున్నాడు. భార్య విన్నీ ఓదారుస్తూ రెండు ముక్కలు రాద్దామన్నా, ఆమె కూడా అప్పుడు ప్రిటోరియాలో ఒంటరి ఖైదులో ఉంది.

జులై 22న మండేలా జైలు అధికారికి అర్జీ రాశాడు. ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు. ఎస్కార్టుతో పంపినా సరే, లేకుండా పంపినా సరేనన్నాడు. ఈలోపే ఖననం అయిపోయి ఉంటే, సమాధి మీద రాయి పెట్టి వస్తానన్నాడు. అంత్యక్రియలకి అందలేనివాళ్ల కోసం వాళ్ల ఆచారంలో ఉన్న క్రతువది. దానికీ ఒప్పుకోలేదు. పిల్లాడి తల్లి ఎవలిన్‌కి ఒక ఉత్తరం రాసుకోనిచ్చారు, అంతే.

తెల్లవాళ్లకైనా మినహాయింపు లేదు. మండేలాకి యావజ్జీవం పడిన రివోనియా కేసులో ఆయన తరఫున వాదించిన బ్రామ్ ఫిషర్ పేరున్న ఆఫ్రికానర్ కుటుంబంలో పుట్టాడు. తర్వాత ఆయనకీ యావజ్జీవం పడింది. 1971లో కొడుకు పాల్ 23 ఏళ్లకే జబ్బుతో పోతే, అంత్యక్రియలకి వెళ్లనివ్వలేదు. 1975లో క్యాన్సర్ ముదిరాక బ్లూమ్‌ఫాంటైన్‌లో సోదరుడి ఇంటికి మార్చారు. అక్కడే ప్రాణం పోయింది. దహనం తర్వాత అస్థికలు జైళ్లశాఖకి అప్పగించాలని షరతు పెట్టారు. అవి మళ్లీ కుటుంబం చేతికి రాలేదు. ప్రిటోరియాలో ఉరితీసిన రాజకీయ ఖైదీల శవాలనైతే ఇంటివాళ్లకి ఇవ్వకుండా ప్రభుత్వమే పూడ్చేసింది. వాటిని తవ్వితీసి కుటుంబాలకి అప్పగించే పని 2016లో మొదలైంది.

ఇంత భయం దేనికి? అంత్యక్రియల్లో జనం పోగవుతారని. సభల మీద నిషేధాలున్న కాలంలో శ్మశానమే సభాస్థలి అయ్యేది. కానీ జనమంతా వెళ్లిపోయాక సమాధి దగ్గరికి వెళ్తానన్నా వద్దన్నారంటే, అది భద్రత కోసం చేసిన పని కాదు. ఖైదీకి అమ్మ, కొడుకు ఉంటారని ఒప్పుకోవడమే ఆ వర్ణవివక్ష ప్రభుత్వానికి ఇష్టంలేదు.

2015లో ఐక్యరాజ్యసమితి ఖైదీల విషయంలో కనీస ప్రమాణాలను తిరగరాసి వాటికి మండేలా పేరు పెట్టింది. దగ్గరివాళ్లు పోయినా, తీవ్రంగా జబ్బుపడినా వెంటనే ఖైదీకి చెప్పాలని, వీలున్నంతవరకూ ఎస్కార్టుతోగానీ ఒంటరిగాగానీ పంపాలని 70వ నిబంధన చెబుతోంది. 1969 నాటి అర్జీలో ఉన్నదీ దాదాపు ఇదే.

దక్షిణాఫ్రికా 1998 నాటి జైళ్ల చట్టంలోనే, సెక్షన్ 44 కింద, శిక్ష పడ్డవాళ్లకి ఇలాంటి సెలవు పెట్టుకుంది. 2021 జులైలో మాజీ అధ్యక్షుడు జేకబ్ జుమాని కోర్టు ధిక్కారానికి జైల్లో పెడితే అల్లర్లు చెలరేగి 300 మందికి పైగా చనిపోయారు. ఆ వేడి ఇంకా చల్లారకముందే, జులై 22న, తమ్ముడి అంత్యక్రియలకి ఆయన్ని ఒక్కరోజు పంపించారు. ఆయన వెళ్లాడు, తిరిగి జైలుకి వచ్చాడు. అంతటి ఉద్రిక్తతలో సాధ్యమైంది మామూలు ఖైదీ విషయంలో ఎందుకు కాదు?

ఈ కథంతా మీకు చెప్పడానికి కారణముంది. మన అమలాపురంవాడు, చక్రాల కుర్చీలోంచి కదల్లేని ప్రొఫెసర్ సాయిబాబా నాగ్‌పూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో తల్లి చనిపోయింది. ఆఖరిచూపుకీ పెరోల్ ఇవ్వలేదు, కర్మకీ ఇవ్వలేదు. 2024లో బాంబే హైకోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. ఆ తీర్పు ఆయన్ని తల్లి దగ్గరికి చేర్చగలిగిందా?

చావు వాయిదాల కోసం ఆగదు. అందుకే ఇలాంటి అర్జీ మీద ఆరోజే నిర్ణయం జరగాలి, కాదంటే కారణం కాగితం మీద రాయాలి, ఆ కారణాన్ని జడ్జి అదేరోజు పరిశీలించాలి. ఖైదీ దోషా నిర్దోషా అన్నది వేరే లెక్క. దోషి అయినా తల్లికి కొడుకే.