తథాస్తు దేవతల భయం: ఒక ప్రశ్న చరిత్ర

తెలుగు ఇళ్ళలో ఎవరైనా చావు మాట ఎత్తితే పెద్దలు వెంటనే వారిస్తారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోట వచ్చిన మాట నిజమై కూర్చుంటుందని నమ్మకం. ఇలాంటి జంకు తెలుగువారి సొంతమేమీ కాదు. ఆత్మహత్య గురించి పిల్లలను నేరుగా అడిగితే లేని ఆలోచనను వాళ్ళ తలకెక్కించినట్టవుతుందన్న భయం పాశ్చాత్య దేశాల బడులలోనూ, వైద్యశాలలలోనూ చాలాకాలం బలంగానే ఉండేది. దానిని ప్రయోగంతో తేల్చే పని ఇరవయ్యొకటవ శతాబ్దం దాకా సరిగ్గా మొదలుకాలేదు.

పిల్లల ఆత్మహత్యలపై చర్చ మాత్రం అంతకు చాలా ముందే ఉంది. 1910 ఏప్రిల్‌లో వియన్నా మనోవిశ్లేషణ సంఘం విద్యార్థుల ఆత్మహత్యల మీద రెండు సమావేశాలు జరిపింది. చర్చను ప్రారంభించిన డేవిడ్ ఓపెన్‌హైమ్ స్వయంగా ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. నింద అంతా బడి మీదికి నెట్టడం న్యాయం కాదని ఆయన వాదన. ఫ్రాయిడ్ దానితో పూర్తిగా ఏకీభవించలేదు. పిల్లలను చావు వైపు నెట్టకుండా ఉన్నంత మాత్రాన బడి బాధ్యత తీరదని, బతకాలన్న కోరికను కలిగించడం కూడా దాని పనేనని అన్నాడు. ఆడ్లర్, స్టెకెల్ తమ తమ సిద్ధాంతాలు వినిపించారు. చివరికి ఫ్రాయిడే, ఇంతమంది ఇంత మాట్లాడినా నిర్ణయానికి రాలేకపోయామని ఒప్పుకుని, విషాదరోగాన్ని, ఆప్తులు పోయినప్పటి దుఃఖాన్ని పోల్చి చూస్తే ఏమైనా దారి దొరకవచ్చునని సూచించాడు. 1917లో వెలువడిన ఆయన ప్రసిద్ధ వ్యాసానికి బీజం ఇక్కడ కనిపిస్తుంది. చర్చ గొప్పదే, అయితే అది వైద్యులూ ఉపాధ్యాయులూ తమలో తాము జరుపుకున్న చర్చ. విద్యార్థి అందులో చర్చనీయాంశం మాత్రమే.

మౌనం ఖరీదు ఎంతో ఇంగ్లండులో ఒక యువ మతాచార్యుడికి 1935లో తెలిసింది. చాడ్ వారా జరిపించిన మొట్టమొదటి అంత్యక్రియలు పద్నాలుగేళ్ళ బాలికవి. రజస్వల కావడాన్ని సుఖవ్యాధిగా భ్రమపడి ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఒక్క మనిషి దొరకలేదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1953 నవంబరులో, అదే వారా లండన్‌లోని తన చర్చిలో ఒక టెలిఫోన్ పెట్టి, చావాలనిపిస్తున్నవాళ్ళు ఫోన్ చేయవచ్చునని ప్రకటించాడు. ‘సమారిటన్స్’ సంస్థ పుట్టుక అది. ఆయనను కలవడానికి వచ్చి వేచి ఉన్నవారికి స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చి, కాసేపు కూర్చుని, చెప్పింది వినేవారు. చాలామందికి అదే సరిపోయేది. ఆయనను కలవకుండానే వెళ్ళిపోయేవారు. ఆత్మహత్యాప్రయత్నం అప్పటికి ఇంగ్లండులో నేరమన్నది మరువరాదు. ఆ చట్టం 1961 దాకా పోలేదు.

అమెరికాలో పరిశోధన మరోవైపు నుంచి వచ్చింది. 1949లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్‌కు, మరణ విచారణాధికారి కార్యాలయంలో వందలాది ఆత్మహత్యా లేఖలు కంటబడ్డాయి. నార్మన్ ఫార్బెరోతో కలిసి ఆయన వాటిని, ఆ ఆలోచన లేనివారిచేత ఊహించి రాయించిన లేఖలతో పోల్చాడు. చనిపోవాలన్న కోరికా, ఎవరైనా కాపాడితే బాగుండునన్న ఆశా ఒకే మనసులో పక్కపక్కనే ఉంటాయన్నది వారి పరిశోధన పొడుగునా నిలిచిన గ్రహింపు. అలాంటి మనసును పలకరించడంలో అర్థముంది. 1979లో ఆరన్ బెక్ బృందం పంతొమ్మిది అంశాల కొలమానం తయారుచేయడంతో ఆత్మహత్యాలోచన అడగదగిన, కొలవదగిన విషయమైంది.

అయినా పాత భయం పోలేదు. దానికి కొంత ఆధారమూ ఉంది. 1774లో గ్యోథే నవల వెలువడ్డాక కథానాయకుణ్ణి అనుకరిస్తున్నారన్న ఆందోళనతో లైప్‌జిగ్ నగరం దానిని నిషేధించింది. 1974లో డేవిడ్ ఫిలిప్స్, పత్రికల మొదటి పేజీకెక్కిన ఆత్మహత్యల తర్వాత అలాంటి మరణాలు పెరుగుతున్నాయని గణాంకాలతో చూపి, ఆ నవల నాయకుడి పేరిటే దానిని ‘వెర్థర్ ప్రభావం’ అన్నాడు. వివరాలు గుప్పించే వార్త హాని చేస్తుందన్నది నేటికీ నిలిచిన మాటే. కానీ పత్రిక లక్షమందికి చెప్పే కథ వేరు, ఒక మనిషి ఎదుట కూర్చుని ఒక పిల్లవాణ్ణి అడిగే మాట వేరు. ఈ రెంటినీ కలగలపడం వల్లే చిక్కంతా వచ్చింది.

విడదీసి చూసినవారిలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మేడలిన్ గూల్డ్ ముఖ్యురాలు. ఆమె బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది విద్యార్థులను రెండు గుంపులుగా చేసింది. ఒక గుంపుకిచ్చిన ప్రశ్నావళిలో ఆత్మహత్యాలోచన గురించి ప్రశ్నలున్నాయి, రెండవదానిలో లేవు. రెండు రోజుల తర్వాత రెండు గుంపులనూ మళ్ళీ పరిశీలించారు. అడిగినందువల్ల బాధ గానీ ఆలోచన గానీ పెరగలేదు. అంతేకాదు, అప్పటికే కుంగుబాటుతో ఉన్నవారిలోనూ, లోగడ ప్రయత్నం చేసినవారిలోనూ, అడగబడినవారి పరిస్థితే కాస్త మెరుగ్గా కనబడింది. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. 2014లో పదమూడు అధ్యయనాలను సమీక్షించినవారు కూడా, అడగడం వల్ల ఆలోచన పెరిగిందని చెప్పదగిన ఆధారం ఒక్కదానిలోనూ లేదన్నారు.

అడిగితే భవిష్యత్తు తెలిసిపోతుందని మాత్రం కాదు. యాభై ఏళ్ళ కాలంలోని 365 అధ్యయనాలను 2017లో కలిపి చూసినప్పుడు, ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందుగా చెప్పగల శక్తి గుడ్డి ఊహకన్నా పెద్ద మెరుగేమీ కాదని తేలింది. ఈ శాస్త్రానికి అది చేదు వార్తే.

భారతదేశంలో చట్టం ఈ మాటను చాలాకాలం నేరంగానే చూసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ఆదుకోవాలన్నది. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం దేశంలో స్త్రీల ఆత్మహత్యలలో సగానికి పైగా 15 నుంచి 29 ఏళ్ళ వయసులోనివే. మరణాల రేటు దక్షిణాది రాష్ట్రాలలో ఎక్కువ. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు చనిపోయినప్పుడు, తప్పుల తడకగా వచ్చిన మార్కుల మీద జరిగినంత చర్చ ఆ పిల్లలతో అంతకుముందు ఎవరేం మాట్లాడారన్న దాని మీద జరగలేదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న ఇప్పుడు పిల్లల వైద్యుడి గదిలోనే ఎదురుకావచ్చు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2012లో ప్రకటించిన నాలుగు ప్రశ్నల పరీక్షను ఎన్నో ఆస్పత్రులు వాడుతున్నాయి. చచ్చిపోయి ఉంటే బాగుండునని ఈ మధ్య అనిపించిందా అన్నది మొదటిది. ఏ ఒక్కదానికి అవునన్నా, ఇప్పుడు, ఈ క్షణాన ఆ ఆలోచన ఉందా అని అయిదవది అడుగుతారు. అమెరికాలో 988, భారతదేశంలో 14416, బ్రిటన్‌లో 116 123 నంబర్లకు ఫోన్ చేసినవారినీ ఇంత సూటిగానే అడగవచ్చు. ఆస్పత్రిలో ఆ నాలుగు ప్రశ్నలూ అడిగేముందు నర్సు తల్లిదండ్రులను కాసేపు గది బయట కూర్చోమంటుంది.